ఈడువాళ్ల సిఫారసు: టీనేజ్ నవల పెరిగిన తీరు

అమెరికాలో టీనేజ్ నవల చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా కొన్ని తేదీలతో మొదలుపెడతారు. 1942లో మౌరీన్ డేలీ కాలేజీ రోజుల్లో రాసిన ‘సెవెన్టీన్త్ సమ్మర్’, 1967లో ఎస్.ఇ. హింటన్ ‘ది ఔట్‌సైడర్స్’, 1974లో రాబర్ట్ కార్మియర్ ‘ది చాక్లెట్ వార్’, 1997లో బ్రిటన్‌లో మొదలైన హ్యారీ పోటర్, 2008లో ‘ది హంగర్ గేమ్స్’. ఈ వరసలో రచయితలు కనిపిస్తారు, ప్రచురణ సంస్థలు కనిపిస్తాయి, సినిమాలూ కనిపిస్తాయి. చదివిన పిల్లలు మాత్రం అమ్ముడైన ప్రతుల లెక్కలో కలిసిపోతారు. ఇది సగం చరిత్రే అని నా అభిప్రాయం. ఆధారాలను దగ్గరగా చూస్తే, ఈ సాహిత్యాన్ని ప్రతి మలుపులోనూ ముందుకు నడిపించింది పిల్లలు తమ ఈడువాళ్లకు ఒక పుస్తకం చేతికిచ్చి చదవమని చెప్పడమే. ఆ మాటను పెద్దలు విని విలువిచ్చిన చోట టీనేజ్ నవల ఎదిగింది. దాన్ని అణచబోయిన చోట తరచుగా పెద్దలే వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

ఆ విలువను ముందుగా గుర్తించింది ప్రచురణకర్తలు కాదు, లైబ్రేరియన్లు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికన్ గ్రంథాలయాల్లో పిల్లల గది వేరు, పెద్దల విభాగం వేరు. పద్నాలుగు, పదిహేనేళ్లవాళ్లు రెంటికీ చెందేవారు కాదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1929లో ఈ వయసువాళ్ల కోసం పుస్తకాల జాబితా వేయడం మొదలుపెట్టింది. 1930లలో బాల్టిమోర్‌లోని ఈనోక్ ప్రాట్ లైబ్రరీలో మార్గరెట్ ఎడ్వర్డ్స్ మరో అడుగు ముందుకు వేశారు. హైస్కూలు తరగతుల ముందు నిలబడి, నవలల గురించి కొద్ది నిమిషాలపాటు ఊరిస్తూ చెప్పి, మిగతాది చదివి తెలుసుకోమని వదిలేసేవారు. తన దగ్గర పనిచేసేవాళ్లు ఆ పుస్తకాలు తామే చదివి తీరాలని పట్టుబట్టేవారు. ఆ తర్వాత గుర్రపు బండిలో పుస్తకాలు వేసుకుని నగరంలోని పేదవాడలకు వెళ్లారు. మంచి పుస్తకమని పెద్దలు ముద్ర వేస్తే ఈ వయసువాళ్లు కదలరనీ, చదివిన మనిషి ఉత్సాహం కళ్లకు కనబడితేనే కదులుతారనీ ఆమె పద్ధతి మనకు చెబుతుంది. 1940ల చివరికల్లా స్కొలాస్టిక్ సంస్థ బడుల ద్వారా నడిపిన టీనేజ్ బుక్ క్లబ్, పాతిక సెంట్ల పేపర్‌బ్యాకులు దీనికి తోడయ్యాయి. ఖరీదైన అట్ట పుస్తకాన్ని ఎరువివ్వడానికి వెనకాడతారు గానీ, జేబులో పట్టే చవక పుస్తకాన్ని ఇచ్చేస్తారు. శాలింజర్ పెద్దల కోసం రాసిన ‘ది క్యాచర్ ఇన్ ది రై’ 1951లో వెలువడి, పేపర్‌బ్యాకుగా వచ్చాక, టీనేజర్లే దాన్ని తమ పుస్తకం చేసుకున్నారు.

నా వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం ‘ది ఔట్‌సైడర్స్’. ఓక్లహోమా రాష్ట్రం టల్సాలోని విల్ రోజర్స్ హైస్కూల్లో చదువుకునే రోజుల్లో, పదిహేనేళ్ల వయసులో, సూసన్ హింటన్ ఈ నవల మొదలుపెట్టారు. తన చుట్టూ పేదింటి కుర్రాళ్లకూ కలవారి కుర్రాళ్లకూ నడిచే కొట్లాటలు అప్పటి పుస్తకాల్లో ఎక్కడా లేవన్నదే ఆమె అసంతృప్తి. వైకింగ్ సంస్థ 1967లో నవలను అచ్చువేస్తూ, మగపిల్లల ముఠాల గురించి ఒక అమ్మాయి రాసిందంటే సమీక్షకులు చిన్నచూపు చూస్తారని, ఆమె పేరును పొడి అక్షరాలకు కుదించింది. మామూలు పుస్తకాల షాపుల్లో మొదట నవల పెద్దగా కదల్లేదు, బడుల్లో కదిలింది. పదమూడేళ్లు గడిచాక, 1980లో, కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గరి లోన్ స్టార్ స్కూలు పిల్లలు ఆ కథను సినిమాగా చూడాలని ఆశపడ్డారు. లైబ్రేరియన్ జో ఎలెన్ మిసాకియన్ వాళ్లను చూసి నవ్వి ఊరుకోలేదు. ‘గాడ్‌ఫాదర్’ దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పొలాకు ఉత్తరం రాసి, పిల్లలు సంతకాలు చేసిన విన్నపాన్నీ నవల పేపర్‌బ్యాకు ప్రతినీ జతచేసి పంపారు. 1983లో సినిమా విడుదలైంది. ఈ సినిమా తీయమని ముందుగా సూచించింది ఆ లైబ్రేరియన్, ఆ పిల్లలేనని అందులోనే చెప్పి, వాళ్లకే అంకితమిచ్చారు. రాసింది టీనేజర్, నిలబెట్టింది టీనేజర్లు, వాళ్ల మాటను చేరాల్సిన చోటికి చేర్చింది వాళ్లను నమ్మిన ఒక పెద్దమనిషి. ఈ సాహిత్యం ఎదిగిన ప్రతి దశలోనూ ఏదో ఒక రూపంలో ఈ కలయికే కనిపిస్తుంది.

1970లలో ఆ కలయిక రచయితకూ పాఠకులకూ మధ్య నేరుగా ఏర్పడింది. 1970లో ‘ఆర్ యూ దేర్ గాడ్? ఇట్స్ మీ, మార్గరెట్’, 1975లో ‘ఫరెవర్’ రాసిన జూడీ బ్లూమ్‌కు పిల్లల నుంచి వేలాది ఉత్తరాలు వచ్చాయి. శరీరంలో వచ్చే మార్పుల గురించి, తల్లిదండ్రుల విడాకుల గురించి, ఎవరితోనూ చెప్పుకోలేని భయాల గురించి వాళ్లు ఆమెకు రాశారు. ఆ ఉత్తరాల ఆధారంగా 1986లో ఆమె ఒక పుస్తకం తెచ్చారు, అది పిల్లల తల్లిదండ్రులు కూడా చదవాల్సినది. ‘ఫరెవర్’ను అరల్లోంచి తీసేయాలని పెద్దలు ఎన్నో చోట్ల పట్టుబట్టారు. ఆ పుస్తకం మాత్రం బడి పిల్లల మధ్య చేతులు మారుతూనే ఉంది. మసాచుసెట్స్‌లోని లెమిన్‌స్టర్ పాత్రికేయుడు రాబర్ట్ కార్మియర్ 1977లో ‘ఐ యామ్ ది చీజ్’ నవలలో ఒక పాత్ర ఫోన్ నంబరుగా తన ఇంటి నంబరునే ఇచ్చారు. నవల చదివిన టీనేజర్లు నిజంగానే ఆ నంబరుకు ఫోన్ చేశారు. ఆయన విసుక్కోకుండా ఏళ్ల తరబడి వాళ్లతో మాట్లాడారు. ఆయన నవలల్లో సుఖాంతాలు అరుదు, మంచివాడు ఓడిపోతాడు, అధికారం గెలుస్తుంది. అయినా ఫోన్లు ఆగలేదు. ఈ వయసువాళ్లు కమ్మటి కబుర్లనే కోరుకుంటారన్న నమ్మకం ఎంత పొరపాటో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇదంతా ప్రచురణ సంస్థల వ్యాపార ఫలితమేననీ, టీనేజర్ల ఉత్సాహం అనేది ప్రకటనలతో తయారు చేసిన సరుకేననీ కొందరు అభ్యంతరం చెబుతారు. దీనిలో నిజం లేకపోలేదు. 1983లో మొదలైన ‘స్వీట్ వ్యాలీ హై’ వరసను ఫ్రాన్సిన్ పాస్కల్ రూపకల్పన చేయగా, పలువురు అజ్ఞాత రచయితలు పుస్తకం వెనుక పుస్తకంగా నింపారు. అది మార్కెట్ లెక్క చూసుకుని పుట్టినదే. అయితే డబ్బు పుస్తకాన్ని అర మీద పెట్టగలదు గానీ, దాన్ని స్నేహితులకు చెప్పించలేదు. హ్యారీ పోటర్ మొదటి భాగాన్ని బ్రిటన్‌లో 1997లో గట్టి అట్టతో వేసిన తొలి ముద్రణ 500 ప్రతులు మాత్రమే. పదేళ్లకు, 2007 జూలై 21న, చివరి భాగం ఒక్క అమెరికాలోనే 24 గంటల్లో 83 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ప్రకటనల జోరు చివర్లో ఎంతైనా ఉండవచ్చు, అయిదు వందల ప్రతులను అక్కడిదాకా మోసింది మాత్రం పాఠకుల నోళ్లే. ఇ. లాక్‌హార్ట్ 2014లో రాసిన ‘వీ వర్ లయర్స్’ సంగతి ఇంకా స్పష్టం. విడుదలనాటి ప్రచారం సద్దుమణిగి ఏళ్లు గడిచాక, 2020లో చదువరులు దాని ముగింపుకు ఏడుస్తూ తీసుకున్న టిక్‌టాక్ వీడియోలు దాన్ని మళ్లీ అమ్మకాల జాబితాల్లోకి తెచ్చాయి. బార్న్స్ అండ్ నోబుల్ పుస్తకాల షాపులు ఇలాంటి పుస్తకాలకు ప్రత్యేకంగా బల్లలు వేశాయి. ఇక్కడ వ్యాపారం పాఠకుల వెనక నడిచింది.

అదే వ్యాపారం ముందుకొచ్చి ఆ ఉత్సాహాన్ని అదుపు చేయబోయిన సందర్భమూ ఉంది. హ్యారీ పోటర్ సినిమా హక్కులు కొన్న వార్నర్ బ్రదర్స్ సంస్థ, తొలి సినిమాకు ముందు, ఇంటర్నెట్‌లో పోటర్ పేర్లు వాడుకుంటున్న అభిమానులకు లాయర్ల నోటీసులు పంపింది. వాళ్లలో చాలామంది బడి పిల్లలు. అప్పటికి టీనేజరైన హెథర్ లావర్, కథలోని హాగ్వార్ట్స్ బడి పత్రిక పేరుతో దేశదేశాల పిల్లల చేత రాయిస్తున్న అమ్మాయి, ఆ సినిమా సరుకులను బహిష్కరించాలని పిలుపునిచ్చారు. సంస్థ తన పట్టు సడలించుకుంది. కలిసి చదివిన అనుభవం అక్కడితోనూ ఆగలేదు. 2005లో మొదలైన అభిమానుల సంఘం హ్యారీ పోటర్ అలయన్స్ 2010 భూకంపం తర్వాత హైతీకి సహాయ సామగ్రి పంపడానికి విరాళాలు పోగుచేసింది. 2014లో సైనిక కుట్ర జరిగిన థాయిలాండ్‌లో విద్యార్థులు ‘హంగర్ గేమ్స్’లోని మూడు వేళ్ల సంకేతాన్ని నిరసన గుర్తుగా ఎత్తి అరెస్టయ్యారు. 2021లో మయన్మార్ వీధుల్లోనూ అదే సంకేతం కనిపించింది. తమ ఈడువాళ్లకు బాగా తెలిసిన కథ అయినందువల్లే ఒక్క చేతి కదలికతో అంత అర్థం అందింది.

టీనేజర్ల నవలలు చదివేది ఎక్కువగా పెద్దలేనన్నది రెండో అభ్యంతరం. 2012లో బౌకర్ సంస్థ అధ్యయనం ఈ పుస్తకాలు కొనేవాళ్లలో 55 శాతం మంది పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లని చెప్పింది. కానీ అది కొనుగోళ్ల లెక్క. లైబ్రరీ నుంచి తెచ్చుకున్నవాళ్లు, స్నేహితురాలి ప్రతిని చదివినవాళ్లు ఏ బిల్లులోనూ కనబడరు. చేతిలో డబ్బు లేని వయసుకు చదువు సాగేది ఆ దారుల్లోనే. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది: గుంపు ఇష్టం గుంపుకు తెలిసినదాని చుట్టూనే తిరుగుతుంది. దీన్ని నేను ఒప్పుకుంటాను. 1965లో నాన్సీ లారిక్ మూడేళ్లలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలను లెక్కతీస్తే, ఒక్క నల్లజాతి పాత్ర అయినా ఉన్నవి 6.7 శాతమే తేలాయి. అచ్చుకాని పుస్తకాన్ని ఏ పిల్లా సిఫారసు చేయలేదు. వాల్టర్ డీన్ మైయర్స్ లాంటి రచయితలు దశాబ్దాలపాటు ఆ ఖాళీని పూరిస్తూ వచ్చారు, ఆయన ‘మాన్‌స్టర్’ 2000లో, టీనేజ్ సాహిత్యానికి ఇచ్చే తొలి ప్రింట్జ్ పురస్కారం అందుకుంది. 2017లో నల్లజాతి అమ్మాయి కథగా యాంజీ థామస్ ‘ది హేట్ యూ గివ్’ అందుబాటులోకి రాగానే రంగు భేదం లేకుండా టీనేజర్లు దాన్ని చేతుల మీద మోశారు. లోపం వాళ్ల అభిరుచిలో లేదు, వాళ్లకు అందించిన పుస్తకాల్లో ఉంది.

నిషేధాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1976లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఐలండ్ ట్రీస్ స్కూలు బోర్డు లైబ్రరీ నుంచి తొమ్మిది పుస్తకాలు తీసేస్తే, మరుసటి ఏడాది అయిదుగురు విద్యార్థులు కోర్టుకెక్కారు. 1982లో సుప్రీంకోర్టులో తీర్పు వాళ్ల వైపే మొగ్గింది. 2021 సెప్టెంబరులో పెన్సిల్వేనియాలోని యార్క్‌లో హైస్కూలు పిల్లలు బడి మొదలయ్యే ముందు రోజూ నిరసనకు నిలబడి, పుస్తకాలపై నిషేధాన్ని బోర్డు చేత ఎత్తివేయించారు. 2022లో బ్రూక్లిన్ పబ్లిక్ లైబ్రరీ, నిషేధాల పాలైన పుస్తకాలు కూడా చదువుకోవడానికి వీలుగా, దేశంలో ఎక్కడున్నా 13 నుంచి 21 ఏళ్లవాళ్లకు ఉచిత ఈ-కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్లను నమ్మే పెద్దలు ఇక్కడా తోడు నిలిచారు.

ఆ తోడు ఎంత అవసరమో తెలుగునాట చూస్తే అర్థమవుతుంది. మన పిల్లల్లో ఉత్సాహానికి ఎన్నడూ కరువు లేదు. ‘చందమామ’ చదివి పెరిగిన తరాలు, పదమూడు, పద్నాలుగేళ్లకే వారపత్రికల సీరియళ్లలోకి, అద్దె పుస్తకాల షాపుల్లోకి నేరుగా అడుగుపెట్టాయి. మధుబాబు షాడో నవలలు, యద్దనపూడి, యండమూరి నవలలు క్లాసు పుస్తకాల మధ్య దాగి బెంచీలు మారాయి. అవి చాలావరకు పెద్దల కోసం రాసినవే. ఈడువాళ్ల సిఫారసు ఇక్కడా బలంగా ఉంది, దాన్ని విని రచయితకూ ప్రచురణకర్తకూ చేరవేసే బడి లైబ్రరీ లేదు. ఉన్న చోట బీరువాకు తాళం ఉంది. తెలుగులో ఈ వయసు సాహిత్యానికి తనదైన అర ఏర్పడకపోవడానికి పెద్ద కారణం ఇదేనని నేననుకుంటాను.

ఆ అర కోసం మనం చూడదగ్గ నమూనా ఒకటుంది. అమెరికన్ లైబ్రేరియన్ల సంఘంలోని యువ విభాగం 2003 నుంచి ‘టీన్స్ టాప్ టెన్’ నడుపుతోంది. అందులో పేర్లు ప్రతిపాదించేది టీనేజ్ పాఠక బృందాలు, ఓటు వేసేదీ టీనేజర్లే. మన బడుల్లోనూ దీనికి భారీ నిధులు అక్కర్లేదు. లైబ్రరీ కొనుగోళ్లలో కొంత భాగం విద్యార్థుల ఎంపికకు వదలాలి. తమకు నచ్చిన పుస్తకం గురించి తోటివాళ్ల ముందు అయిదు నిమిషాలు మాట్లాడే పీరియడ్ ఒకటి వారానికి ఉండాలి. వాళ్లు చెప్పినదాన్ని ప్రచురణకర్తలు వినాలి. పిల్లలు చదవడం లేదని వాపోయే ముందు, చదివినవాళ్ల మాట వినే ఏర్పాటు ఎంతవరకు చేశామో పెద్దలం ఎవరికి వాళ్లం తేల్చుకోవాలి.