అప్రూవర్ నోట థగ్గుల కథ

అమీర్ అలీ లెక్క 719. అన్ని హత్యల్లో తన చెయ్యి ఉందని దొర ఎదుట కూర్చుని తాపీగా చెబుతాడు. పన్నెండేళ్లు జైల్లో మగ్గకపోతే వెయ్యి పూర్తయ్యేదని వాపోతాడు కూడా. 1839లో లండన్‌లో అచ్చయిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ నవలకు కథకుడు ఇతడే.

రాసినవాడు ఫిలిప్ మెడోస్ టేలర్. 1824లో కుర్రవాడిగా బొంబాయిలో దిగి, నిజాం సైన్యంలో కొలువు సంపాదించాడు. క్షమాభిక్షకు బదులుగా తోటి థగ్గులను పట్టించేందుకు సాగర్ నుంచి నిజాం రాజ్యానికి పంపిన అప్రూవర్లలో ఒకడైన అమీర్ అలీతో తనకు 1832లో పరిచయమైందనీ, పుస్తకంలో ఉన్నది దాదాపు నిజమేననీ ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ ‘దాదాపు’లోనే తిరకాసంతా ఉంది.

బాటసారులతో మాట కలపడం, తోడు నడవడం, అదను చూసి రుమాలు మెడకు బిగించడం, శవాన్ని పూడ్చి సొత్తుతో సాగిపోవడం... థగ్గుల పనంతా ఇదే. అమీర్ అలీ ఇవన్నీ పనితనం తెలిసినవాడి గర్వంతో వర్ణిస్తాడు. తాను ఎంతటి మాటకారో, ఎంత అందగాడో చెప్పడం మరిచిపోడు. చంపినవాళ్ల గురించి పశ్చాత్తాపం కనబడదు. తెలియక తన చేతులతో చంపిన స్త్రీ సొంత చెల్లెలేనని తేలినప్పుడు మాత్రం కుప్పకూలతాడు. చిత్రమేమిటంటే, ఇంత డాంబికుడి మాటను పాఠకుడు నమ్ముతూనే పోతాడు. పిండారీ దోపిడీ దళాల నాయకుడు చీతూ దండులో చేరానని అతడు చెబితే అనుమానం రాదు, ఎందుకంటే చీతూ నిజంగా ఉన్నాడు. 1816 మార్చిలో పిండారీలు గుంటూరు సీమ మీద పడి 339 పల్లెలు దోచారనీ, 182 మందిని చంపారనీ ఈస్టిండియా కంపెనీ విచారణలోనే తేలింది. చరిత్ర పక్కన నిలబడితే కల్పనకూ సాక్ష్యం బలం వస్తుంది.

నవల బయట జరిగింది ఇంకా విచిత్రం. కంపెనీ అధికారి విలియం స్లీమన్ సాగించిన థగ్గుల వేటంతా అప్రూవర్ల మీదే నడిచింది. తెలిసిందంతా చెబితే ఉరి తప్పుతుంది, దాచారని తేలితే క్షమాభిక్ష పోతుంది. అలాంటివాడు తక్కువ చెబుతాడా? వాళ్లు చూపించిన చోట తవ్వితే ఎముకలు బయటపడ్డాయి కాబట్టి అంతా కట్టుకథ అనడానికి లేదు. కానీ చంపింది ఎవరన్నది మాత్రం మళ్లీ అప్రూవరే చెప్పాలి. 1836 చట్టంతో ఒక్కో హత్య రుజువు చేసే పని కూడా తప్పింది. థగ్గుల ముఠాలో ఉన్నాడని తేలితే చాలు, యావజ్జీవం. అప్రూవర్లు జబల్‌పూర్‌లో గుడారాలు కుడుతూ, తివాచీలు నేస్తూ కాలం గడిపారు.

థగ్గులది దేశమంతా అల్లుకున్న కాళీభక్తుల రహస్య మతం అన్న చిత్రాన్ని రాధికా సింఘా, కిమ్ వాగ్నర్ వంటి చరిత్రకారులు తరువాత గట్టిగానే ప్రశ్నించారు. దారిదోపిడీ హంతకులు లేరని వాగ్నర్ అనలేదు. వాళ్లను ఒక మతంగా కూర్చింది కంపెనీ కాగితాలేనంటాడు.

ఇక టేలర్ సంగతి. అతడు పోయాక 1877లో వచ్చిన స్వీయచరిత్రలో, థగ్గుల గుట్టు తానే ముందుగా బయటపెట్టేవాడిననీ, ఇంతలో రెజిమెంటుకు తిరిగి పంపేశారనీ రాసుకున్నాడు. అంటే స్లీమన్‌కు దక్కిన పేరు తనకు దక్కాల్సిందని! ఇదీ ‘నేను’ చెప్పిన కథే, చెప్పినవాడికి ఇందులోనూ లాభముంది. థగ్గుల గురించి మనకు తెలిసినదాంట్లో చాలాభాగం అప్రూవర్, దొర అనే ఈ రెండు రకాల నోళ్ల నుంచే వచ్చింది. నవల తెరిచేవాళ్లు అమీర్ అలీని ఎంత అనుమానిస్తారో, ఎదురుగా కూర్చుని రాసుకుంటున్న దొరనూ అంతే అనుమానించాలి.