నీటి దత్తాంశంలో సూచికాక్షరాలు: అమెరికా నదులలో సీసం కొలతల చరిత్ర

ఉపోద్ఘాతం

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు తాళపత్రంలోని ప్రతి అక్షరాన్నీ కవిదిగా స్వీకరించడు; లేఖకదోషాలను, ప్రక్షిప్తాలను వేరు చేస్తాడు. నీటి నాణ్యతా దత్తాంశాన్ని చరిత్రకు ఆధారంగా గ్రహించే పరిశోధకునికీ ఆ వివేచన అవసరమే. అమెరికా నదులలో సీసం కొలతల చరిత్ర ద్వారా ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సూచికల అర్థం

అమెరికా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ పట్టికలలో కొన్ని విలువల పక్కన గుర్తులు ఉంటాయి. '<' అనేది ఆ అంకె కంటే తక్కువని చెబుతుంది. సున్న అని చెప్పదు. 'ఇ' అక్షరం అంచనా విలువను, 'వి' అక్షరం నమూనాలో బయటి మాలిన్యం చేరిన విలువను తెలుపుతాయి. ఈ మాలిన్యాన్ని పట్టుకోవడానికి శుద్ధజలాన్ని అవే పరికరాల గుండా పంపి పరీక్షిస్తారు. దీనిని 'బ్లాంక్' నమూనా అంటారు. అందులో కనిపించిన సీసం నదిది కాదు.

వివాద క్రమం

భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరాలని 1956లో ప్రకటించిన క్లెయిర్ పాటర్సన్, గాలి, పాత్రలు, రసాయనాల నుంచి సీసం నమూనాలో చేరుతుందని గ్రహించి అతిశుభ్ర ప్రయోగశాలను నిర్మించుకున్నాడు. నదుల పర్యవేక్షణలో ఆ జాగ్రత్త ఆలస్యంగా ప్రవేశించింది. 1974-81 మధ్య 300కు పైగా కేంద్రాల దత్తాంశాన్ని విశ్లేషించిన స్మిత్, అలెగ్జాండర్, వోల్మన్‌లు నదులలో సీసం తగ్గిందని 1987లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. 1991లో విండమ్ బృందం తూర్పుతీర నదులలో శుభ్రపద్ధతులతో సేకరించిన నమూనాలను ప్రభుత్వ విలువలతో పోల్చి, లోహాల విషయంలో ఆ విలువలు వాస్తవం కంటే చాలా ఎక్కువగా ఉన్నాయని వాదించింది. అదే ఏడాది సర్వేక్షణ సంస్థ కూడా ఈ సమస్యను గుర్తించింది. 1994లో నూతన సేకరణ విధానాన్ని రూపొందించింది.

విశ్లేషణ

అయితే 1987 నాటి నిర్ధారణ పూర్తిగా కొట్టివేయదగినదా? అదే కాలంలో అమెరికాలో పెట్రోలులో సీసం వినియోగం తగ్గింది. ఈ స్వతంత్ర సాక్ష్యం తగ్గుదల దిశను బలపరుస్తుంది. నీటిలోని అసలు పరిమాణాన్ని మాత్రం నిర్ధారించదు. పాత, కొత్త పద్ధతుల విలువలను ఒకే రేఖపై చేర్చితే, పరికరాల శుభ్రత పెరగడాన్ని నది శుభ్రపడటంగా భ్రమించే ప్రమాదముంది. దీనికి విపర్యయమూ ప్రమాదకరమే: బ్లాంక్‌లో స్వల్పంగా సీసం ఉందన్న కారణంతో, దానికి ఎన్నో రెట్లున్న నదీ విలువను తోసిపుచ్చడం నిజమైన కాలుష్యాన్ని మరుగుపరచడమే.

ముగింపు

సూచికాక్షరం సంఖ్యను రద్దు చేయదు. ఆ సంఖ్య ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో నిర్ణయిస్తుంది. దత్తాంశాన్ని తిరిగి రాసుకునేటప్పుడు ఆ అక్షరాన్ని వదిలివేయడం పాఠాంతరాన్ని చెరిపివేయడంతో సమానం.