తెల్ల తుప్పుకు అనువైన రాత్రి

మేరీలాండ్‌లోని ఫోర్ట్ డెట్రిక్. అమెరికా వ్యవసాయ శాఖ గ్రీన్‌హౌస్ తలుపు మీ వెనక మూసుకుంది. బయటి బట్టలు విప్పేసి ఇక్కడివి వేసుకున్నారు. వెళ్లేటప్పుడు తలస్నానం చేస్తేగానీ బయటపడలేరు. లోపల పెంచుతున్నది చామంతికి వచ్చే తెల్ల తుప్పు తెగులు, పక్సీనియా హొరియానా. 1895లో జపాన్‌లో బయటపడి, 1960లలో యూరప్ చేరిన ఈ శిలీంద్రాన్ని అమెరికా దశాబ్దాలపాటు క్వారంటీన్ జాబితాలో ఉంచింది.

బల్ల మీద తెగులు పట్టిన ఆకు ఉంది. పైవైపు లేత పసుపు మచ్చలు, అంతే. తిరగేయండి. ఒక్కో మచ్చ కింద ఒక్కో పొక్కు, మైనంలా గట్టిగా, లేత గులాబీ రంగులో. ముదిరినవి తెల్లబడుతున్నాయి. వేలితో రుద్దండి, ఏమీ అంటదు. వేరుశనగ చేలో తుప్పు తెగులు చూసినవాళ్లకు ఇది వింతే. అక్కడ ఆకు తాకితే చాలు, ఇటుక రంగు పొడి వేలికి అంటుకుంటుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాల్లో ఆ పొడినే నీళ్లలో కలిపి స్ప్రే చేసి వేరుశనగ రకాలను పరీక్షించారు. చామంతి దగ్గర ఆ వీలు లేదు. ఈ పొక్కుల్లోని సిద్ధబీజాలు ఊడి రావు. తడి తగిలితే ఉన్నచోటే మొలిచి, తమకన్నా సున్నితమైన మరో తరం బీజాలను విడుస్తాయి. పక్క మొక్కకు సోకేది ఆ రెండో తరమే.

కాబట్టి చామంతి రకాలను పరీక్షించాలంటే, తెగులుకు అనువైన రాత్రిని మీరే తయారుచేయాలి. కొమ్మ ముక్కల నుంచి వేరు తొడిగిన లేత మొక్కలను పెట్టెలో సర్దండి. వాటిలో తెగులు తప్పక సోకే రకం ఒకటి ఉండి తీరాలి. పైన జాలీ పరిచి, పొక్కులు కిందికి ఉండేలా ఆకులు పెట్టండి. సన్నటి తుంపర కొట్టి, మూత వేసి, లైట్లార్పి, ఉష్ణోగ్రత 17 డిగ్రీల దగ్గర నిలపండి.

3 గంటలలోపే బీజాలు రాలడం మొదలవుతుంది. కంటికి కనిపించవు. చూద్దామని మూత ఎత్తకండి. గాలిలో తేమ 80 శాతానికి పడితే 5 నిమిషాల్లో చచ్చిపోతాయి. అదే ఆకు మీద తడి 5 గంటలు నిలిస్తే లోపలికి దిగిపోతాయి. ఇంత పట్టింపు అవసరమే. తెగులు తగలక తప్పించుకున్న మొక్కను తట్టుకున్న మొక్కగా రాసుకుంటే, ఆ మాట నమ్మి నాటిన రైతు తోట మునుగుతుంది.

తెల్లారాక మొక్కలను మామూలు గదిలోకి మారుస్తారు. వారం దాకా అన్నీ ఒకేలా పచ్చగా ఉంటాయి. 7 నుంచి 10 రోజులకు పసుపు చుక్కలు తేలతాయి. ఇంకొన్నాళ్లు ఆగి ఆకులు తిరగేయండి. సోకే రకానికి అడుగున పొక్కులు కిక్కిరిశాయి, అంటే ఆ రాత్రి సరిగ్గానే కుదిరింది. పక్క కుండీలో చిన్న గోధుమ చుక్కలే ఉన్నాయి. శిలీంద్రం దిగిన చోట ఆ మొక్క తన కణాలను తానే చంపుకుంది. బతికున్న కణం దొరక్కపోతే ఈ శిలీంద్రానికి తిండి లేదు. గదిలో ఉన్న ఆకులన్నిటిలోకీ నాకు అందంగా కనిపించేది ఆ చుక్కల ఆకే.

అయినా ‘తట్టుకుంది’ అని రాసేసి నోట్‌బుక్ మూయకండి. మరో దేశం తోటలోంచి తెచ్చిన తుప్పు కింద పెడితే ఇదే రకానికి పొక్కులు లేవొచ్చు. ఒక్క జన్యువే కాపలా ఉన్నప్పుడు, దాన్ని దాటగల తుప్పు తెగకు ఇక అడ్డుండదు. రకం పేరు పక్కన ఏ తెగతో పరీక్షించారో రాయండి. వాడిన ఆకులను ఆటోక్లేవ్‌లో వేసి, రెండో తెగ ఆకులు అందుకోండి.