మామవి ఆరు బిళ్ళలు, పాపవి రెండు

వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి రండి. మే నెల, మధ్యాహ్నం మూడు, ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ళ వీధి కూడా ఈ ఎండకు సద్దుమణిగింది. పడసాలలో పరిచిన కడప బండలు మాత్రం చల్లగా ఉన్నాయి. అందుకే మంచం మీది తాత తప్ప అందరూ నేల మీదే చేరారు. మీరూ గోడకు ఆనుకుని కూర్చోండి. కాళ్ళు జాగ్రత్త, బోర్డు కదిలిందంటే మామ ఊరుకోడు.

మామ జమ్మలమడుగులో ఇంగ్లీషు టీచరు. పొద్దున బస్సుకు వచ్చి, ఉగ్గాని బజ్జీ తిని, అప్పటినుంచీ ఆట ఎప్పుడా అని చూస్తున్నాడు. ఎదురుగా కూర్చున్నది ఆయన మేనకోడలు. ఇంట్లో అందరికీ పాపే గానీ పులివెందుల జేఎన్‌టీయూలో ఎలక్ట్రికల్ చదువుతోంది. ఈ ఆట హాస్టల్లో నేర్చుకుంది. మామ మాత్రం పాతికేళ్ళుగా డిక్షనరీ పక్కన పెట్టుకుని నిద్రపోయే మనిషి. గెలుపు ఎవరిదో తేలిపోయినట్టే ఉంది కదూ? మామకూ అట్లాగే ఉంది.

బోర్డు మీద అడ్డంగా 15, నిలువుగా 15 గళ్ళు. గుడ్డసంచిలో 100 బిళ్ళలు. 98 మీద ఇంగ్లీషు అక్షరాలు, రెండు ఖాళీవి. ఒక్కో అక్షరం పక్కన చిన్నగా దాని వెల. ఏ, ఈ, టి లాంటివి ఒక్క పాయింటు సరుకు. ఎక్స్, జే ఎనిమిదేసి. క్యూ, జెడ్ పదేసి. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు 1930లలో ఈ ఆటను కట్టాడు. స్క్రాబుల్ అన్న పేరు 1948లో వచ్చింది. ఎవరి చేతిలోనైనా, అంటే ఎదురుగా పెట్టుకున్న చెక్క మీద, ఒకసారికి ఏడు బిళ్ళలే. పేర్చిన మాటకు తగ్గ పాయింట్లు రాసుకుని, వాడినన్ని మళ్ళీ సంచిలోంచి తీసుకోవాలి. లెక్క రాయడానికి మామ కొడుకు బుడ్డోడు సుద్దముక్కతో తయారు. పలక ఎందుకు, నేలంతా నల్లబండే.

మొదటి ఎత్తు మామది. నడిమి గడిని తాకేట్టు అడ్డంగా డబ్ల్యూ, ఏ, టి, ఈ, ఆర్ పెట్టాడు. వాటర్. డబ్ల్యూ లేత నీలం గడిలో పడింది కాబట్టి దాని నాలుగు ఎనిమిదైంది. నడిమి గడి మొత్తాన్ని రెట్టింపు చేసింది. 24. బుడ్డోడు బండ మీద గీశాడు.

"జమ్మలమడుగు నీళ్ళప్పా, పెన్నలో లేకున్నా ఈడ ఉండాయి" అన్నాడు మామ.

పాప నవ్వలేదు. మూడు బిళ్ళలు తీసుకుని వాటర్ కింది వరసలో, సరిగ్గా ఏ, టి, ఈల కింద బి, ఓ, ఎక్స్ పెట్టింది. బాక్స్. ఇంతేనా అనుకుంటున్నారా? కొంచెం ముందుకు వంగి నిలువుగా చదవండి. ఏ కింద బి పడి ఏ-బి అయింది. టి కింద ఓ పడి టి-ఓ అయింది. ఈ కింద ఎక్స్ పడి ఈ-ఎక్స్ అయింది. మూడూ చెల్లే మాటలే. పైగా ఎక్స్ కూర్చున్నది లేత నీలం గడిలో. దాని ఎనిమిది పదహారైంది. అదీ ఒక్కసారి కాదు, అడ్డం మాటలో ఒకసారి, నిలువు మాటలో మరోసారి. బాక్స్‌కు 20, ఏ-బికి 4, టి-ఓకు 2, ఈ-ఎక్స్‌కు 17.

"నలభై మూడు" అంది పాప.

"మూడక్షరాలకా?" మామ కళ్ళజోడు సర్దుకున్నాడు. "కూడు పాపా, మళ్ళీ కూడు."

మళ్ళీ కూడినా 43 వచ్చింది. మామ ఐదు బిళ్ళలు ఖర్చు పెట్టి 24 తెస్తే, పాప మూడింటితో దానికి రెట్టింపుకు కాస్త తక్కువగా లాగింది. పొట్టి మాటకు పాయింట్లు దాని పొడవులోంచి రావు, పక్కవాడి అక్షరాల్లోంచి వస్తాయి. మామ పేర్చిన ఏ, టి, ఈ మూడూ ఇప్పుడు పాప ఖాతాలో మళ్ళీ లెక్కకొచ్చాయి.

ఇప్పుడు మామ ముఖం చూడండి. బిళ్ళలు చెక్క మీద అటూ ఇటూ జరుపుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. దొరికింది! వాటర్‌లోని చివరి ఆర్ తన మాటకూ చివరయ్యేట్టు పైనుంచి కిందికి దించాడు. టి, ఈ, ఏ, సి, హెచ్, ఈ, ఆ కింద ముందే ఉన్న ఆర్. టీచర్! జేజి వంటింట్లోంచి తొంగిచూసింది. ఎవరైనా వచ్చారేమో అనుకుంది.

"ఏడక్షరాలు. ఏడు పెడితే యాభై ఎక్కువిస్తారు గదా. రాయిరా!"

"చేతిలో ఏడూ అయిపోతేనే యాభై మామా. నీయి ఆరే పోయినాయి. ఆర్ ముందే ఉండె."

లెక్క తేలింది. 13. అవునండీ, పదమూడే. టీచర్‌లో సి, హెచ్ తప్ప అన్నీ ఒక్కో పాయింటు అక్షరాలే. అందులో ఏ లేత నీలం మీద పడి రెండైంది. పాతికేళ్ళ సర్వీసుకు పదమూడు మార్కులా అని మామ గొణుక్కున్నాడు.

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు, పాప టీచర్ పక్కనే నిలువుగా ఓ, హెచ్, ఎం పెట్టేసింది. పైన ఉన్న టి, ఈ, ఏలకు ఆనుకుని. ఈసారి మీరే అడ్డంగా చదవండి: టి-ఓ, ఈ-హెచ్, ఏ-ఎం. నిలువుగా ఓమ్, కరెంటుకు ఎదురు నిలిచే నిరోధాన్ని కొలిచే ప్రమాణం. మంచం మీద తాత దాన్ని ప్రణవంగా విని చేతులు జోడించాడు. హెచ్ లేత నీలం గడి మీద రెండు వైపులా రెట్టింపైంది. 12, 2, 9, 4. మొత్తం 27. బండ మీద లెక్క: మామ 37, పాప 70.

"ఇది మన నిషేధాక్షరే గదరా" అన్నాడు తాత, లేచి కూర్చుంటూ.

ప్రొద్దుటూరులో ఆయన వయసువాళ్ళ దగ్గర ఈ మాట ఎత్తితే ఇక అంతే. గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని జంటగా అవధానాలు చేసిన ఊరు ఇది. తర్వాత సి.వి. సుబ్బన్న శతావధాని. ఆ తర్వాత నరాల రామారెడ్డి. ఇక్కడ సినిమాకు పోయినట్టే అవధానానికీ పోయేవాళ్ళు. బోర్డు మీంచి కళ్ళు తీసి ఒక్క నిమిషం తాత చేతులు చూడండి. గాలిలో సభ కడుతున్నాడు. ఇక్కడ అప్పటికప్పుడు పద్యాలు చెప్పే అవధాని, అక్కడ ఆయనను ప్రశ్నలతో అడ్డుకునే ఎనిమిది మంది పృచ్ఛకులు.

నిషేధాక్షరి ఇచ్చేవాడు అవధానిని పద్యం తిన్నగా చెప్పనివ్వడు. ఆయన ఒక అక్షరం పలకగానే, తర్వాత ఏది వస్తుందో ఊహించి దాన్నే వద్దంటాడు. అవధాని "శ్రీ" అన్నాడనుకోండి. శ్రీరాముడు వస్తాడేమోనని పృచ్ఛకుడు "ర వద్దు" అంటాడు. అవధాని "ధీ" అంటాడు. ధీమంతుడో ధీమతో వస్తుందని "మ వద్దు" అంటాడు. అవధాని "భూ" అంటాడు. ఇక పృచ్ఛకుడికి ఊపిరాడదు. శ్రీ, ధీ, భూ మూడూ ఒక్కో అక్షరంతోనే నిండిన మాటలు. మాట అక్కడే ఆగిందో, ముందుకు పోతుందో ఎదుటివాడికి అంతుచిక్కదు. పొడవాటి సమాసం మొదలుపెడితే మాత్రం, రెండో అక్షరానికే దాని తోక ఎక్కడుందో సభంతా పసిగడుతుంది.

"మీ మామ సమాసాలు కడతాండాడు. నువ్వు ఏకాక్షరాలతో తిరుగుతాండావు" అని తాత తేల్చేశాడు.

మామ ఒప్పుకోలేదు. నేనైతే తాతతోనే ఉంటాను. టీచర్ అన్న మాట నిలువునా ఏడు గళ్ళు పరుచుకుంది. ఆ ఏడు గళ్ళకు రెండు పక్కలా పాపకు చోటు దొరికింది. అదే బాక్స్ చూడండి, ఎంత ముడుచుకుని ఉందో. టీచర్ కింద ఎస్ తగిలించి టీచర్స్ చేద్దామంటే, ఆ ఎస్ పక్కనే బాక్స్‌కు అంటుకుని బి-ఓ-ఎక్స్-ఎస్ అవుతుంది. అలాంటి మాట లేదు. మూడు బిళ్ళలు పాయింట్లూ తెచ్చాయి, దారీ మూశాయి.

మూడో ఎత్తు. మామ ఈసారి చాలాసేపు తీసుకున్నాడు. జేజి మజ్జిగ తెచ్చింది. మీరూ ఒక గ్లాసు తీసుకోండి. బుడ్డోడు నేల మీద సుద్దతో ఏనుగును గీశాడు. చివరికి మామ, పాప పెట్టిన ఎం పట్టుకుని కుడివైపు బోర్డు అంచుదాకా సాగిపోయాడు. ఏ, ఎం ముందే ఉన్నాయి. చేతిలోంచి బి, ఐ, టి, ఐ, ఓ, ఎన్. యాంబిషన్! టి గులాబీ గడిలో పడి మాటంతా రెట్టింపైంది. 26.

అందమైన ఎత్తే, కాదనను. ఎనిమిదక్షరాల మాట బోర్డు చివరి గడిని తాకి ఆగడం చూడ్డానికి బాగుంటుంది. మామ మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి మీసం తుడుచుకున్నాడు. 63.

పాప వేళ్ళు చూడండి. మొదటినుంచీ చెక్క మీద ఎడమ చివర ఒక బిళ్ళను కదపకుండా ఉంచుకుంది. అది క్యూ. మామలాంటివాళ్ళకు క్యూ అంటే పీడ. యూ వస్తే గానీ వదలదు, ఆట చివర్లో చేతిలో మిగిలితే పది పాయింట్లు పోతాయి. పాప ఆ క్యూను యాంబిషన్‌లోని రెండో ఐ నెత్తిన పెట్టింది. దాని పక్కన, ఓ నెత్తిన, ఇంకో ఐ. అంతే, రెండే బిళ్ళలు. అడ్డంగా క్యూ-ఐ. నిలువుగా మళ్ళీ క్యూ-ఐ. ఐ కింద ఓతో ఐ-ఓ.

"యూ లేకుండా క్యూనా? చెల్లదు!" మామ మోకాళ్ళ మీద లేచాడు.

పాప చెల్లే మాటల పుస్తకం తీసి చూపించింది. ఉంది. చైనావాళ్ళు చెప్పే ప్రాణశక్తి. అంతర్జాతీయ పోటీల్లో వాడే కాలిన్స్ జాబితాలో, 2019 లెక్కన, రెండక్షరాల మాటలు 127. రోజుకు వందసార్లు మనం అనే ఓకే కూడా ఆ ఏడాదే అందులో చేరింది. వి అక్షరంతో మాత్రం ఒక్కటీ లేదు. అందుకే ఆరితేరినవాళ్ళకు క్యూ కంటే వి అంటేనే చిరాకు. హాస్టల్లో మొదట నేర్చుకునేది ఈ జాబితానే అంది పాప. అర్థాలు తర్వాత.

"అర్థం తెలీకుండా మాట వాడతావా?" మామలోని టీచరు అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పాప జవాబు చెప్పలేదు. లెక్క చెప్పింది. క్యూ పడింది గులాబీ గడిలో. అడ్డం మాట రెట్టింపు, నిలువు మాట రెట్టింపు. 22, 22, ఐ-ఓకు 2. మొత్తం 46. రెండు బిళ్ళలకు! బుడ్డోడు ఏనుగు తొండం చెరిపి 116 రాశాడు.

ఇది హాస్టల్ పిల్లల చిట్కా అని తీసిపారేయకండి. 2015లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో నైజీరియా నుంచి వెల్లింగ్టన్ జిగెరె గెలిచాడు. ఆఫ్రికా నుంచి మొదటి విజేత ఆయనే. పొడవాటి మాట చేతిలో ఉన్నా కావాలనే ఐదక్షరాలతో ఆగడం, ఎదుటివాడికి చోటు వదలకపోవడం, మంచి బిళ్ళలు తర్వాతి ఎత్తుకు దాచుకోవడం నైజీరియా వాళ్ళ పద్ధతి. అలాగని ఏడు బిళ్ళలూ ఒక్కసారే వాడే యోగం వస్తే ఎవరూ వదులుకోరు. యాభై పాయింట్లు ఊరికే రావు. మామ చిక్కు ఎక్కడంటే, ఆరు బిళ్ళల దగ్గర ఆగుతున్నాడు. సంచిని ఖాళీ చేస్తున్నాడు, యాభై రావడం లేదు, బోర్డు మాత్రం పాపకు తెరుస్తున్నాడు.

ఇప్పుడు గదిలో ఫ్యాను చప్పుడు ఒకటే వినిపిస్తోంది. మామ బోర్డును మొదటిసారి నిలువుగా చూస్తున్నాడు. తల పక్కకు వంచి చూస్తున్నాడు. ఏ, డి, ఎస్ చేతిలోకి తీసుకుని, ఆలోచించి, పాప పెట్టిన ఓమ్‌కు ఒక గడి ఎడం వదిలి దాని కింద నిలువుగా పేర్చాడు. యాడ్స్. టీచర్‌లోని హెచ్ పక్కన ఏ పడి హెచ్-ఏ అయింది. ఈ పక్కన డి పడి ఈ-డి అయింది. అన్నిటికంటే కింద, మొదట తానే పెట్టిన వాటర్ చివర ఎస్ చేరి వాటర్స్ అయింది. డి లేత నీలం గడి మీద. 6, 5, 5, 9.

"ఇరవై ఐదు" అన్నాడు మామ నెమ్మదిగా. టీచర్‌కు పదమూడు, యాడ్స్‌కు ఇరవై ఐదు. బుడ్డోడు 88 రాశాడు. తాత మంచం మీంచే చప్పట్లు కొట్టాడు.

పాప కూడా మెచ్చుకోలుగా తల ఊపింది గానీ, చెక్కను కొంచెం తన వైపు తిప్పుకుంది. మామ చూపు ఇప్పుడు బోర్డు పై మూలకు పోయింది. ఒక్కో గడి మీదా వేలు పెట్టి లెక్కపెడుతున్నాడు.

"పాపా, ఎస్‌లు మొత్తం ఎన్ని ఉంటాయి?"

"నాలుగు మామా."

"ఒకటి నేను పెట్టినా. ఆ క్యూ-ఐ కింద ఎస్ చెల్లుతుందా?"

"పుస్తకం నీ పక్కనే ఉండాది గదా, సూసుకో."

"ఉండేట్టుంది" అన్నాడు మామ పేజీ తిప్పుతూ. పాప అరచేతిని చెక్కకు అడ్డం పెట్టింది. ఆమె వెనక నిలబడ్డ బుడ్డోడు సుద్దముక్క పైకెత్తి అరిచాడు:

"నాయనా, అక్క దగ్గర రెండు ఎస్‌లుండాయి!"