వేగుచుక్కా? వేగులవాడా?

మా నాయనమ్మకు గడియారం చూడటం రాదు. రాయగడలో మా ఇంటి పెరట్లోకి వచ్చి, తూర్పున వేగుచుక్క పొడిచిందో లేదో చూసి పొయ్యి రాజేసేది. శుక్రగ్రహానికి తెలుగువాళ్లు పెట్టుకున్న పేరది. వేగు అంటే తెల్లవారడం. గూఢచారినీ వేగు అనే అంటాం. ఆ రెండర్థాలూ ఒకచోట కలిసిన సంగతి ఈమధ్య చరిత్రలోనే ఉంది.

2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లదాఖ్‌లో పాంగాంగ్ సరస్సు దగ్గర మన సైనికులు ఆకాశంలో వెలుగులు చూశారు. 329 సార్లు చూసినట్టు నమోదు చేశారు. చైనా పంపిన వేగు విమానాలని అనుమానం. చివరికి బెంగుళూరులోని భారత ఖభౌతిక సంస్థ శాస్త్రజ్ఞులను పిలిచారు. ఆ వెలుగులు నక్షత్రాల మధ్య ఎలా కదులుతున్నాయో రాసిపెట్టమని వాళ్లు సైనికులకు చెప్పారు. లెక్క కడితే తేలిందేమిటి? ఒకటి గురుడు, రెండోది శుక్రుడు. మన వేగుచుక్కే అక్కడ వేగులవాడైంది!

నవ్వుకోవచ్చుగాని, సైన్యం భయం ఉత్తది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. కోరాపుట్ జిల్లా అప్పటికి ఆరేళ్ల కిందటే, 1936లో, విశాఖ నుంచి విడిపోయి ఒరిస్సాలో చేరింది. సరిహద్దు మారిందిగాని చుట్టరికాలు మారలేదు. తీరం విడిచి కొండలెక్కి వచ్చిన బంధువుల కబుర్లు మా ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నారు. ఆ తరవాత ఏ విమానం చప్పుడైనా పిల్లలను ఇంట్లోకి లాగేవారట. అదే నెలలో జపాను నౌకలు వచ్చేస్తున్నాయన్న తప్పుడు కబురు నమ్మి మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలనే లోపలి ఊళ్లకు తరలించింది. చూసినదాన్ని కొట్టిపారేసినా ముప్పే, తరచి చూడకుండా నమ్మినా ముప్పే.

అందుకే విచారణ కావాలి. పౌరులు చూసినవాటి మీద అందరికన్నా పెద్ద విచారణ జరిపింది అమెరికా వైమానిక దళం. 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే ప్రైవేటు విమానచోదకుడు రేనియర్ పర్వతం దగ్గర తొమ్మిది వింత వస్తువులు చూశానన్నాడు. పత్రికలు వాటికి ‘ఎగిరే పళ్లేలు’ అని పేరు పెట్టాయి. మరుసటి ఏడు మొదలైన విచారణ పేర్లు మార్చుకుంటూ 1952లో ‘బ్లూ బుక్’ అయింది. 1969లో మూతపడేనాటికి లెక్కకు వచ్చినవి 12,618. అందులో 701 ఏమిటో తేలలేదు. తేలినవాటిలో ఎక్కువ భాగం నక్షత్రాలు, గ్రహాలు, బెలూన్లు, విమానాలు.

కాని ఇక్కడొక మెలిక ఉంది. 1955 నుంచి అమెరికా యు-2 అనే వేగు విమానాన్ని రహస్యంగా 60,000 అడుగులకు పైన ఎగరేసింది. కింద చీకటి పడ్డాక కూడా పైన ఎండ తగిలి దాని రెక్కలు మెరిసేవి. చూసినవాళ్లు ఫిర్యాదు చేస్తే, అసలు సంగతి తెలిసి కూడా ప్రకృతి వింతలని చెప్పి పంపారు. సి.ఐ.ఏ. తన చరిత్రలో ఈ మాట ఒప్పుకున్నది 1997లో. కళ్లారా చూసినవాడు అప్పటిదాకా వెర్రివాడిగా మిగిలాడు.

సైన్యం అడిగే ప్రశ్న ఒకటే: ఇది శత్రువుదా? కాదని తేలితే ఫైలు మూసేస్తారు. చూసినవాడి ప్రశ్న వేరు: నేను చూసిందేమిటి? 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లాలో పొలాల్లో ఒక వింత గోళం దిగితే జనం మూగారు. హైదరాబాదు టాటా పరిశోధన కేంద్రం నుంచి బెలూనుతో పంపిన ప్రయోగ పరికరమని వెంటనే చెప్పారు. ఊళ్లో భయం తీరిపోయింది.

మన కొండ ఊళ్లలో చూసినవాడు తెలుగులోనో, కువిలోనో చెబుతాడు. రాసుకునే అధికారి మరో భాషలో రాసుకుంటాడు. ఆ మార్పులోనే సగం సంగతి జారిపోతుంది. అందుకే నా కోరిక చిన్నది. మనవాడి మాట సరిగ్గా రాసుకోవాలి. తేలిన జవాబు తిరిగి వాడి భాషలోనే వాడికి చెప్పాలి. అది చుక్కే అయినా సరే.