దుకాన్‌లో కుతుబ్‌ఖానా

గుమ్మలక్ష్మీపురం వైపు టీచర్‌గా పనిచేసే దోస్త్ ఒకాయన మొన్న ఫోన్‌లో ఒక సవాల్ అడిగారు. "భాయ్, బజార్లో ఏదైనా దుకాన్ ఖాళీ అయితే, దాంట్లోకి లైబ్రరీని మార్చడం తప్పా? మా స్టాఫ్ రూమ్‌లో ఈ మాట అంటే ఒక పెద్దాయనకు కోపం వచ్చింది. చదువుల తల్లిని తీసుకెళ్లి షట్టర్ వెనక కూర్చోబెడతారా అన్నారు."

ఆ పెద్దాయన కోపం నాకు అర్థమైంది. మన ఇళ్లల్లో కూడా కితాబ్ కింద పడితే తీసి కళ్లకద్దుకుంటాం. బజార్ అంటే బేరసారాలు, గోల, తూకంలో మోసం. ఇల్మ్‌కు అదేం జాగా అనిపిస్తుంది. కానీ తారీఖ్ తిరగేస్తే కితాబ్‌కూ దుకాన్‌కూ ఉన్న రిష్తా చాలా పాతది. ముఖ్యంగా మన తారీఖ్‌లో.

అబ్బాసీ ఖలీఫాల జమానాలో బగ్దాద్‌లో సూఖ్-అల్-వర్రాఖీన్ అని ఒక బజార్ ఉండేది. వర్రాఖ్ అంటే కాగితం అమ్మేవాడు, కితాబ్ నకలు రాసేవాడు, దాన్ని అమ్మేవాడు, మూడూ ఒక్కడే. తొమ్మిదో సదీలో యాఖూబీ అనే జుగ్రాఫియా రచయిత ఆ బజార్లో అలాంటి దుకాన్లు వందకు పైనే ఉన్నాయని రాశాడు. ఆ రోజుల్లోనే జాహిజ్ అనే మహా రచయిత ఉండేవాడు. బస్రాలో గరీబ్ ఇంట్లో పుట్టాడు. ఆయన గురించి ఒక మాట ప్రసిద్ధం. వర్రాఖుల దుకాన్లను రాత్రిపూట కిరాయికి తీసుకుని, తెల్లవార్లూ లోపల కూర్చుని చదివేవాడట. పగలు అది దుకాన్, రాత్రి కుతుబ్‌ఖానా! ఆ తర్వాతి సదీలో 'అల్ ఫిహ్రిస్త్' రాసిన ఇబ్న్ నదీమ్ కూడా స్వయంగా వర్రాఖే. అప్పటిదాకా అరబీలో వచ్చిన కితాబులన్నిటికీ జాబితా తయారుచేయాలన్న ఖయాల్ ఒక కితాబుల దుకాన్‌దారుకు వచ్చిందంటే తాజ్జుబ్ ఏముంది, రోజూ చేతిలోంచి పోయే సరుకు అదే కదా.

ఇక మన హైదరాబాద్ సంగతి. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అందరికీ తెలుసు. పాతవాళ్లు ఇప్పటికీ ఆసఫియా అనే అంటారు. అది అక్కడ పుట్టలేదు. 1891లో మొదలైనప్పుడు ఆబిడ్స్‌లో ఉండేది. దాని వెనక ఉన్న మనిషి మౌల్వీ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ఖితాబు ఇమాదుల్ ముల్క్. అవధ్‌లోని బిల్‌గ్రామ్ ఖాందాన్. లక్నో కానింగ్ కాలేజీలో అరబీ చెప్పేవాడు. మొదటి సాలార్‌జంగ్ ఆయన్ని హైదరాబాద్‌కు తెచ్చుకున్నాడు. రియాసత్‌లో తాలీమ్ శాఖ ఆయన చేతుల మీదుగా నడిచింది. 1907లో లండన్‌లోని ఇండియా కౌన్సిల్‌లో చోటు దొరికిన మొదటి ఇద్దరు హిందుస్తానీలలో ఆయన ఒకడు. అంత పెద్ద ఓహ్దాలు చూసిన ఆయన పేరు ఇవాళ ఎవరి నోటా రాదు. ఆయన పెట్టిన కుతుబ్‌ఖానా మాత్రం నిలిచింది.

ఇందులో ఒక తమాషా ఉంది. కుతుబ్‌ఖానా మొదలైన ఆ ఆబిడ్స్‌కు పేరు ఎక్కణ్నుంచి వచ్చింది? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఖిద్మత్ చేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మేనియన్ అక్కడ పెట్టిన దుకాన్ నుంచి. దుకాన్ పోయింది, దుకాన్‌దారు పోయాడు, పేరు మిగిలింది. ఒకే ఇలాకాలో కుతుబ్‌ఖానా ఉంది, దుకాన్ ఉంది. జనం నాలుక మీద నిలిచింది దుకాన్ పేరే.

1908 సెప్టెంబర్ 28న మూసీకి తుగ్యానీ వచ్చింది. వేల ప్రాణాలు పోయాయి. అఫ్జల్‌గంజ్ దవాఖానా కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు, ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ తర్వాత నది ఒడ్డును మళ్లీ కట్టారు. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా దవాఖానా వరుసగా లేచాయి. ఆ వరుసలోకే కుతుబ్‌ఖానా కూడా వచ్చింది. 1932లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సంగ్-ఎ-బునియాద్ వేశాడు. 1936లో, ఆయన గద్దెనెక్కి పాతికేళ్లయిన సందర్భంలో, ఆసఫియా కొత్త ఇమారత్‌లోకి మారింది.

ఆ ఇమారత్‌ను చూసి మనం మహల్ అంటాం. కానీ చుట్టూ ఏముందో చూడండి. గంజ్ అంటేనే ధాన్యం మండీ. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా గల్లా వ్యాపారులకు ఇచ్చిన జాగా కాబట్టి అది అఫ్జల్‌గంజ్. ఒక పక్క ఉస్మాన్‌గంజ్, ఇంకో పక్క గౌలిగూడ, వంతెన దాటితే పత్తర్‌గట్టి. అంటే ఆసఫియాను తెచ్చి పెట్టింది బజార్ నడిబొడ్డులోనే. అందుకే అది బతికింది అంటాను నేను. ఊరికి దూరంగా ఏ కొండ మీదో కట్టి ఉంటే పల్లెనుంచి బస్సు దిగిన నాలాంటి కుర్రాడు అక్కడికి చేరేవాడే కాదు.

నేను చదివింది ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగులో. ఆ రెండింటి మధ్యలో పుల్ లాగా నాకు దొరికింది ఆ ఇమారతే. ఒక హాల్లో ఉర్దూ రిసాలాలు, ఇంకో హాల్లో తెలుగు పుస్తకాలు. మెట్లెక్కి దిగడమే నా తర్జుమా. ఉర్దూ వైపు బల్లల దగ్గర షేర్వానీ బుజుర్గులు కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చునేవారు. వాళ్ల వెనక తరం మాత్రం కనిపించేది కాదు. ఇవాళ వెళ్తే ఎక్కువగా కనిపించేది గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ పరీక్షలకూ చదువుకునే పిల్లలు. వాళ్లను తప్పుబట్టను, నౌకరీ ఫికర్ అందరికీ ఉంది.

మన తెలుగు వైపు కూడా కథ ఇలాగే నడిచింది. 1901 సెప్టెంబర్ 1న మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో పుట్టింది. తర్వాత చేరింది సుల్తాన్ బజార్‌కు, అదీ బజారే. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగాడు. ఆయనకైతే దుకాన్ కూడా లేదు, భుజమే దుకాన్.

దునియాలో ఇంకా పెద్ద మిసాల్ ఉంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దు దగ్గర మెకాలెన్ అనే ఊరుంది. అక్కడ వాల్‌మార్ట్ వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన ఒక భారీ దుకాన్‌ను పురపాలక సంస్థ తీసుకుని 2011లో పబ్లిక్ లైబ్రరీగా తెరిచింది. దాదాపు లక్షా పాతిక వేల చదరపు అడుగులు, అంతా ఒకే అంతస్తు. ముసలివాళ్లకు మెట్ల బాధ లేదు, చక్రాల కుర్చీ నేరుగా లోపలికి పోతుంది. సౌదా కొనడానికి అలవాటైన దారే కాబట్టి జనానికి కొత్తగా దారి చెప్పాల్సిన పని కూడా లేదు.

అయితే దోస్త్‌కు నేను ఈ మిసాల్ చెప్పి ఊరుకోలేదు. గుమ్మలక్ష్మీపురం మెకాలెన్ కాదు, అఫ్జల్‌గంజ్ కూడా కాదు. ఆ కొండల్లో దుకాన్ అనే మాటకు వేరే యాదాష్త్ ఉంది.

జాతాపు, సవర గిరిజనులకు ఒక జమానాలో తెలిసిన కితాబ్ ఒక్కటే, షావుకారి ఖాతా పుస్తకం. ఉప్పు, బట్ట, గింజలు అప్పుగా ఇచ్చి, చింతపండూ పంటా తూచుకుని, చివరికి పొలం కూడా రాయించుకున్న హిసాబ్ అందులో ఉండేది. రాసేది షావుకారు, చదివేది షావుకారు. వేలిముద్ర మాత్రం గిరిజనుడిది. ఈ దోపిడీ నుంచి తప్పించాలనే 1956లో సర్కారు గిరిజన సహకార సంస్థ పెట్టింది. అటవీ సరుకు కొనడం, నిత్యావసరాలు అమ్మడం దాని పని. అది కూడా ఒక రకంగా దుకానే, కాకపోతే షావుకారు లేని దుకాన్. కానీ జుల్మ్ అంతటితో ఆగలేదు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు షహీద్ అయ్యారు. ఆ కేసులో నిందితులు బరీ అయిపోయారు. శ్రీకాకుళం పోరాటం రగిలింది అక్కణ్నుంచే. లేవిడి ఎక్కడో కాదు, గుమ్మలక్ష్మీపురం ఇలాకాలోనే. అప్పట్లో అది శ్రీకాకుళం జిల్లా, 1979 నుంచి విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం. జిల్లాలు మారాయి, కొండలు అక్కడే ఉన్నాయి.

అందుకే అక్కడ ఏ పాత దుకాన్ తలుపైనా తెరిచి లోపల పుస్తకాలు పెట్టడం అంటే, హైదరాబాద్‌లో షట్టర్ ఎత్తినంత ఆసాన్ విషయం కాదు. ఒకప్పుడు తమను బాకీ పెట్టిన జాగాలోకి ఆ మనవడు సభ్యత్వ కార్డుతో నడిచి రావడం! నాకైతే బేఇజ్జతీ కనిపించలేదు, ఇన్సాఫ్ కనిపించింది. కానీ అలా అనాల్సింది నేను కాదు, ఆ కొండవాళ్లు. ముందు వాళ్లను అడగమన్నాను.

రెండో సంగతి ఖానూన్. ఏజెన్సీలో ఇల్లు, భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959 నాటి రెగ్యులేషన్ ఉంది, దాన్ని 1970లో గట్టి చేశారు. జనం దాన్నే వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. కాబట్టి ఖాళీ దుకాన్ అసలు మాలిక్ ఎవరు, ఎవరికి కిరాయి ఇవ్వాలి అన్నది మొదటే తేలాలి. లేకపోతే కితాబుల పేరుతో కబ్జాకు కాగితం పుట్టించినట్టవుతుంది.

మూడోది పైసలు. 1960 గ్రంథాలయాల చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆమ్‌దనీ ఇంటిపన్ను మీద సెస్ నుంచి వస్తుంది, రూపాయికి ఎనిమిది పైసలు. పెద్ద ఇళ్లున్న పట్నంలో ఆ పైసలకు విలువ ఉంటుంది. పూరిళ్లున్న పంచాయతీలో ఎంత పన్ను, ఎంత సెస్? గరీబ్ ఊరికి గరీబ్ కుతుబ్‌ఖానా అనేది చట్టంలోనే రాసిపెట్టినట్టు ఉంది. ఇది నాకు ఎప్పుడూ గుచ్చుకునే విషయం.

కానీ అసలు ఫికర్ ఇమారత్ గురించి కాదు. కుతుబ్‌ఖానా ఇల్లు మారేటప్పుడు కొన్ని పుస్తకాలు బండి ఎక్కుతాయి, కొన్ని మూటల్లోనే ఉండిపోతాయి. ఏవి ఎక్కుతాయి? అడిగేవాళ్లున్నవి. ఎవరూ అడగని జబాన్ పుస్తకాలను దించే కూలీ కూడా మూలకు నెడతాడు. మన ఇళ్లల్లోనూ అంతే కదా. పాత ఇల్లు ఖాళీ చేసే రోజున ఫ్రిజ్ ఎక్కింది, సోఫా ఎక్కింది, దాదా ఉర్దూ కితాబులు కబాడీవాడి తూకానికి పోయాయి. పిల్లలకు లిపి రాదు, తల్లిదండ్రులకు తీరిక లేదు. ఎంతమంది ఇళ్లల్లో ఇది జరిగిందో మీకే తెలుసు.

ఆ కొండల్లో సవర జబాన్‌కు ఇదే హాల్. దాని కోసం ఉమర్ ధారపోసినవాడు గిడుగు రామమూర్తి పంతులు. మనం ఆయన్ని వాడుక తెలుగు కోసం పోరాడినవాడిగా మాత్రమే యాద్ చేస్తాం. పర్లాకిమిడిలో ఉంటూ ఆయన సవర నేర్చుకున్నాడు. సవర పిల్లలకు వాళ్ల జబాన్‌లోనే వాచకాలు రాశాడు, సొంత ఖర్చుతో బడులు నడిపాడు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది, తర్వాత నిఘంటువు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయినప్పుడు, పంతులుగారు ఆ ఊరు విడిచి రాజమండ్రికి వచ్చేశారు. సరిగ్గా ఆసఫియా అఫ్జల్‌గంజ్‌కు మారిన సాలే అది.

దోస్త్‌ను నేను ఇమారత్ కొలతలు అడగలేదు. లోపల అల్మారాల్లో సవర పుస్తకాలకు ఎన్ని అరలు వదులుతున్నారో కనుక్కోమన్నాను.