లాజిక్ ప్రోగ్రామింగ్‌లో డిస్ట్రిబ్యూటెడ్ లావాదేవీలు

వేర్వేరు కంప్యూటర్లలో ఉన్న డేటాను ఒకే లావాదేవీలో మార్చే పనిని తర్కసూత్రాలుగా రాసి, ఆ సూత్రాలనే నేరుగా నడిపించే పద్ధతి ఇది.

1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా, 1972లో మార్సేలో రూపుదిద్దుకున్న ప్రోలాగ్ భాష దీనికి మూలాలు. తర్కాన్నీ డేటాబేసులనూ 1977లో తులూజ్ సదస్సు ఒకచోట చేర్చింది. డేటాబేసును తర్కసూత్రాలతో ప్రశ్నించే డేటాలాగ్ భాష ఆ దారిలోనే వచ్చింది. డేటాను అడగడం వరకు ఇవి బాగానే పనిచేశాయి, మార్చడం దగ్గరే చిక్కు వచ్చిపడింది. ప్రోలాగ్‌లో వాస్తవాన్ని చేర్చే అసర్ట్, తీసేసే రిట్రాక్ట్ ఆదేశాలతో చేసిన మార్పు, తర్వాతి మెట్టు విఫలమై ప్రోగ్రాం వెనక్కి మళ్లినా చెరిగిపోదు. ఒక ఖాతాలో తీసిన సొమ్ము రెండో ఖాతాలో జమ కాకపోయినా తీసినట్టే ఉండిపోతుంది. ఏ బ్యాంకూ దీన్ని ఒప్పుకోదు.

ఈ ముడి విప్పినవారు టొరాంటోలో ఆంథొనీ బానర్, స్టోనీ బ్రూక్‌లో మైకేల్ కిఫర్. 1990ల తొలినాళ్లలో వారు రూపొందించిన ట్రాన్సాక్షన్ లాజిక్‌లో, సూత్రం నిజమో కాదో తేలేది డేటాబేస్ ఒక స్థితి నుంచి మరో స్థితికి నడిచిన దారి మొత్తం మీద. దారి మధ్యలో తెగితే లావాదేవీ అసలు జరగనట్టే లెక్క. ఒకేసారి నడిచే పనులకు, వాటి మధ్య సందేశాలకు 1996లో దీన్ని విస్తరించారు.

యంత్రాలు వేరైనప్పుడు సందేశం ఆలస్యం కావచ్చు, దారిలోనే పోవచ్చు. బర్కిలీలో జోసెఫ్ హెలర్‌స్టీన్ బృందం 2009లో అలాంటప్పుడూ యంత్రాలన్నీ ఒకే నిర్ణయానికి వచ్చేలా చూసే టూ-ఫేజ్ కమిట్, పాక్సోస్ పద్ధతులను డేటాలాగ్ కోవకు చెందిన ఓవర్‌లాగ్ భాషలో రాసి చూపింది. తర్వాత వచ్చిన డెడలస్ భాష ప్రతి వాస్తవానికీ చోటునూ కాలాన్నీ జతచేసింది. ఇలా రాస్తే దాగి ఉన్న తేడా ఒకటి బయటపడుతుంది. టూ-ఫేజ్ కమిట్‌లో లావాదేవీపై ప్రతి యంత్రమూ ఓటు వేస్తుంది. ‘ఒక్కరు వద్దన్నా రద్దు’ అన్న సూత్రానికి ఒక్క ఓటు చాలు, వచ్చిన క్షణాన తేల్చేయవచ్చు. ‘అందరూ సరేనంటే ఖాయం’ అన్నదానికి మాత్రం ఆఖరి ఓటు దాకా ఆగాల్సిందే. కొత్త సమాచారం వచ్చినా పాత నిర్ధారణను వెనక్కి తీసుకోనక్కర్లేని ప్రోగ్రాములకు ఇలాంటి నిరీక్షణ అవసరం లేదని 2010లో హెలర్‌స్టీన్ ప్రతిపాదించారు. కామ్ అని పేరుపడ్డ ఆ ఊహకు మరుసటి ఏడాదే బెల్జియం పరిశోధకులు గణిత నిరూపణ ఇచ్చారు. ఈ రంగం సాధించిన అసలు ఫలితం ఇదేనని చెప్పవచ్చు.

మార్కెట్‌లో మాత్రం రిలేషనల్ డేటాబేసుల భాష ఎస్‌క్యూఎల్‌దే పైచేయి. 2012లో వచ్చిన డేటామిక్ డేటాబేస్ ప్రశ్నలకు డేటాలాగ్‌నే వాడుకున్నా, రాతలన్నిటినీ ట్రాన్సాక్టర్ అనే ఒకే ప్రక్రియ గుండా వరుసగా పంపుతుంది.